అయిదో దారం

లైమన్ కార్వర్‌కి ఒకటే దిగులు. మిస్ బ్రెన్నర్ ఆలస్యం.

ఆవిడ దేనికైనా ఆలస్యమే. మెట్ల మీద ఎదురుపడి పలకరిస్తే మనం నాలుగు మెట్లు దిగాక వెనకనుంచి జవాబొస్తుంది. కాఫీలో పాలు కావాలా అని అడిగితే చేతిలో చెంచా కింద పెట్టి, ఆలోచించి, కావాలంటుంది. ఇరవై రెండేళ్లుగా రోజూ కావాలనే అంటోంది. అంతవరకూ అయితే లైమన్‌కి పేచీ లేదు. పేచీ అంతా చుక్కల దగ్గర వచ్చింది.

అది అమెరికాలో ఐయోవా రాష్ట్రం, పందొమ్మిది వందల పదకొండో సంవత్సరం. మొక్కజొన్న చేల నడుమ ఒక గుట్ట, గుట్ట మీద ఒక చిన్న కాలేజీ వాళ్ల వేధశాల. అక్కడి దూరదర్శినిని చూడవచ్చినవాళ్లు ఉసూరుమంటూ వెళ్లిపోయేవాళ్లు. అది చంద్రుడి మీది గుంటలు చూపించదు, శని చుట్టూ ఉన్న వలయాలు చూపించదు. రెండు రాతి స్తంభాల మధ్య బిగించి ఉంటుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి తప్ప ఎటూ తిరగదు.

కన్ను పెట్టే చోట ఏడు సాలీడు దారాలు నిలువుగా సాగదీసి ఉంటాయి. చుక్క ఒక పక్కనుంచి వచ్చి ఒక్కో దారాన్నీ దాటుకుంటూ పోతుంది. దాటిన క్షణాన కుర్చీలో ఉన్నవాళ్లు చేతికింది మీట నొక్కాలి. నొక్కగానే పక్కన తిరుగుతున్న కాగితం మీద కలం ఒక గీత పెడుతుంది. ఆ గీతల్ని కొలిచి, చుక్క ఆకాశంలో సరిగ్గా ఎక్కడుందో లెక్కగడతారు. అదీ అక్కడి పని. చుక్కకి ఏడు నొక్కులు, మళ్లీ ఇంకో చుక్క.

ఆ పనిలో నలభై ఒక్క ఏళ్లు గడిపినవాడు ప్రొఫెసర్ ఏమస్ విట్లాక్. లైమన్‌కి గురువు.

విట్లాక్ పుట్టింది కమ్మరి ఇంట. పందొమ్మిదో ఏట ఒక రైల్వే స్టేషన్‌లో తంతి గుమాస్తాగా చేరాడు. రోజూ మధ్యాహ్నం పన్నెండుకి తంతి మీద ఒక టిక్కు వచ్చేది. దాన్ని విని ఆ దారిపొడుగునా స్టేషన్లన్నీ గడియారాలు సరిచేసుకునేవి. అందరూ సరిచేసుకుని ఊరుకున్నారు, ఈయనకి మాత్రం ఆ టిక్కు కొడుతున్నది ఎవరో చూడాలనిపించింది. సెలవు పెట్టి రైలెక్కాడు, ఈ గుట్ట ఎక్కాడు, చూశాడు. మళ్లీ స్టేషన్‌కి వెళ్లనే లేదు. పెట్టె కూడా తర్వాతెప్పుడో ఎవరో తెచ్చిచ్చారట.

కొన్నాళ్లు గదులు ఊడ్చాడు. కొన్నేళ్లు లెక్కలు కట్టాడు. ఆ తర్వాత కుర్చీలో కూర్చున్నాడు, చివరికి వేధశాలకే పెద్దయ్యాడు. తొమ్మిదివేల ఆరువందల చుక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో తను రాశాడు, తన దగ్గర పనిచేసే మిస్ బ్రెన్నర్‌తో రాయించాడు. ఆయన పేరు మీద ఒక తోకచుక్క లేదు, ఒక ఉపగ్రహం లేదు. ఒకసారి పత్రికవాళ్లొచ్చి "ఇన్నేళ్లలో మీరేం కనిపెట్టారు?" అని అడిగితే, "ఏ చుక్కా చెప్పకుండా వెళ్లిపోకుండా చూస్తున్నాను" అన్నాడట. వాళ్లు అది అచ్చువెయ్యలేదు.

ఏడేళ్ల కిందట ఆయన ఉన్నట్టుండి ఆ కుర్చీ దిగిపోయి, దాన్ని మిస్ బ్రెన్నర్‌కి వదిలేశాడు. మోకాళ్ల నొప్పులని ఊళ్లో అనుకున్నారు. ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఇప్పుడు ఆ చుక్కలన్నిటి పట్టిక మే నెలలో అచ్చుకి వెళ్లాలి. జూన్‌లో విట్లాక్ పదవీ విరమణ. ఆయన ఒక జన్మంతా చేసిన పని ఒక్క పుస్తకంగా చేతికొచ్చే వేళ అది.

లైమన్‌కి ఇరవై ఏడేళ్లు. చురుకైన కన్ను, అంతకంటే చురుకైన చెయ్యి. మూడేళ్ల కిందట వచ్చి కుర్చీలో మిస్ బ్రెన్నర్‌తో వంతులు పంచుకున్నాడు. గురువంటే ప్రాణం పెట్టేవాడు. తనంటే కూడా కొంచెం ఎక్కువే పెట్టేవాడు.

మార్చి చివర్లో ఒక పొద్దున అతను కాగితాల కట్ట పట్టుకుని గురువు గదిలోకి వచ్చాడు.

"మిస్ బ్రెన్నర్ గారి కొలతలు పుస్తకంలోంచి తీసేద్దాం సార్."

విట్లాక్ కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. తుడుచుకోవడం ఆపలేదు. "ఎన్ని?"

"అన్నీ. సెకనుని వంద పాళ్లు చేస్తే ఆవిడ ప్రతి చుక్క దగ్గరా ముప్పై ఒక్క పాళ్లు ఆలస్యంగా నొక్కుతున్నారు. ఎవరికైనా కాస్త ఆలస్యం ఉంటుందని నాకూ తెలుసు, కానీ మరీ ఇంతా? యూరప్‌లో వాళ్లు చూస్తే నవ్వుతారు సార్. మీ జీవితమంతా పోసి చేసిన పుస్తకం నవ్వులపాలైతే నేను చూడలేను."

చివరి మాట మాత్రం అతను మనస్ఫూర్తిగానే అన్నాడు.

"మరి ఆ చుక్కల గతి?"

"నావి కొన్ని ఉన్నాయి. మిగిలినవి రెండేళ్లలో నేను మళ్లీ తీస్తాను, అనుబంధంగా తర్వాత అచ్చువేద్దాం. నాకు ఒకటో రెండో పాళ్లకి మించి తేడా రాదు. కావాలంటే దొంగచుక్క మీద పరీక్ష పెట్టండి. ఇద్దరికీ పెట్టండి."

దొంగచుక్క అంటే అక్కడివాళ్లు ఒక యంత్రానికి పెట్టుకున్న ముద్దుపేరు. ఒక రేకు డబ్బా, లోపల దీపం, డబ్బాకి సూదిమొనంత చిల్లు. కీ ఇస్తే డబ్బా చిన్న పట్టాల మీద మెల్లగా జరుగుతుంది. దూరదర్శినిలోంచి చూస్తే అచ్చం చుక్కలాగే ఒక్కో దారాన్నీ దాటుతుంది. దాటిన ప్రతిసారీ యంత్రం తనంతట తనే కాగితం మీద ఎర్ర గీత పెడుతుంది. కూర్చున్నవాళ్లు మీట నొక్కితే నీలం గీత పడుతుంది. ఎరుపుకీ నీలానికీ మధ్య ఎడమెంతో, ఆ మనిషి తప్పు అంత. కిటికీ తలుపులు మూస్తే పట్టపగలే చేసుకోవచ్చు.

"సరే పద" అన్నాడు విట్లాక్.

కిటికీలు మూశారు. యంత్రాన్ని అవతలి గోడ దగ్గర నల్లతెర వెనక, తెరలోని సన్నటి చీలికలోంచి దాని వెలుగు మాత్రం కనబడేలా పెట్టారు. విట్లాక్ తెర వెనక్కి వెళ్లి కీ ఇచ్చాడు. లైమన్ కుర్చీలో వెనక్కి వాలి, కన్ను ఆనించి, ఏడు దారాలకీ ఏడుసార్లు నొక్కాడు. కాగితం తీసి కొలిచారు. తేడా ఒక పాలు. మళ్లీ చేశారు. రెండు పాళ్లు. మూడోసారి ఎర్ర గీతా నీలం గీతా ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

మిస్ బ్రెన్నర్ వచ్చింది. స్కర్టు సర్దుకుని కూర్చుంది. ముప్పై ఒకటి. ముప్పై ఒకటి. ముప్పై.

"చలికి వేలు కొంచెం తొందరపడింది" అంది ఆ ముప్పై గురించి, తప్పు చేసినదానిలా.

కాగితాలే చెబుతున్నాయి. లైమన్ కాలరు ఒకసారి సరిచేసుకున్నాడు.

"కాఫీ పెడతారా?" అని విట్లాక్ ఆవిణ్ణి అడిగాడు. ఆవిడ వెళ్లాక లైమన్‌తో "ఇంకొక్కసారి కూర్చో" అన్నాడు.

లైమన్ కూర్చున్నాడు. చుక్క వచ్చింది. మొదటి దారం, నొక్కాడు. రెండు, నొక్కాడు. మూడు, నాలుగు. వేలు ఒక లయలో పడింది. అయిదు, నొక్కాడు.

నొక్కిన మరుక్షణం అతనికి ఏదో తేడాగా అనిపించింది. కళ్లు చిట్లించి చూశాడు. చుక్క అయిదో దారం దగ్గర లేదు. నాలుగుకీ అయిదుకీ నడుమ నిలబడి ఉంది. కదలడం లేదు.

"సార్, యంత్రం ఆగిపోయింది."

"ఆగలేదు" అని తెర వెనకనుంచి వినిపించింది. "నేను వేలు అడ్డం పెట్టాను."

లైమన్ లేచి కాగితం దగ్గరికి వెళ్లాడు. నాలుగు ఎర్ర గీతలు, నాలుగు నీలం గీతలు, జంటలు జంటలుగా. వాటి పక్కన ఒక నీలం గీత ఒంటరిగా ఉంది. మిగిలిన వాటికంటే అదే కొంచెం దిట్టంగా పడినట్టుంది.

లైమన్ అంత తొందరగా లొంగే రకం కాదు.

"ఇది అన్యాయం సార్. నిజం చుక్కలు ఆగవు కదా!"

"ఆగవు" అని ఒప్పుకున్నాడు విట్లాక్.

ఇంతలో మిస్ బ్రెన్నర్ కాఫీ పళ్లెంతో వచ్చింది. విట్లాక్ ఆవిణ్ణి కూడా మళ్లీ కూర్చోమన్నాడు. ఎందుకని అడగకుండా కూర్చుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. విట్లాక్ వేలు అడ్డం పెట్టాడు.

మిస్ బ్రెన్నర్ నొక్కలేదు. మీట మీద వేలు అలాగే ఉంచి కూర్చుంది. గడియారం ఇరవైసార్లు కొట్టుకుంది. నలభైసార్లు కొట్టుకుంది.

"చుక్క ఆగిందండీ" అంది చివరికి. తర్వాత కాసేపు ఆలోచించి, "ఉండమంటారా?" అంది.

"ఉండండి."

ఆవిడ ఉంది. కాఫీ మీద ఆవిరి తగ్గిపోయింది. విట్లాక్ వేలు తీశాడు. చుక్క కదిలింది, అయిదో దారం దాటింది. ఆవిడ నొక్కింది. కొలిస్తే ముప్పై ఒకటి.

లైమన్‌కి తల కొట్టేసినట్టయింది. ఆవిడ కప్పులు పంచి, తన కప్పు తీసుకుని, జరిగిందేమిటో అడక్కుండానే వెళ్లిపోయింది.

విట్లాక్ కాఫీ తాగాడు. చల్లారిన కాఫీ ఆయనకి ఇష్టమే. తాగడం పూర్తయ్యాక అన్నాడు. "ఆవిడ ఆలస్యం ఎంతో నాకు తెలుసు. ప్రతి చుక్కలోంచీ ముప్పై ఒకటి తీసేస్తాను. చుక్క దాని చోటికి అది వెళ్లిపోతుంది. మరి నీదాంట్లోంచి ఎంత తియ్యను?"

లైమన్ కాగితం మీది ఆ ఒంటరి నీలం గీతకేసి చూశాడు.

"నాలుగువేల నూటపన్నెండో చుక్క తీసి చూడు" అని విట్లాక్ తన గదిలోకి వెళ్లిపోయాడు.

లైమన్ కాగితాల గదికి వెళ్లాడు. ఆ చుక్క కాగితాలు తీశాడు. అక్కడ పని మొదలయ్యే ముందు ఏ చుక్క ఏ వేళకి వస్తుందో ఒక చీటీ రాసుకుంటారు. ఆ వేళలన్నీ యాభై ఏళ్ల కిందటి ఒక పాత పట్టికలోంచి తీసినవి. ఆ పాత వేళకి చుక్క ఇప్పటికీ వస్తోందా, పక్కకి ఏమైనా జరిగిందా అని చూడడానికే కదా ఇంత తతంగం. చుక్కలు చాలా మెల్లగా జరుగుతాయి. ఒక మనిషి జీవితకాలంలో అవి వచ్చే వేళకి రెప్పపాటులో సగం తేడా వస్తే గొప్ప.

మిస్ బ్రెన్నర్ ఆ చుక్కని ఆరుసార్లు కొలిచింది. ముప్పై ఒకటి తీసేశాక కూడా, ఆరుసార్లూ అది పాత వేళకంటే ఇరవై పాళ్లు ఆలస్యంగా వచ్చింది. ఆ పక్కనే పెన్సిల్‌తో "నిద్రమత్తు" అని రాసి ఉంది. ఆ అక్షరాలు లైమన్‌వే. పోయినేడాది తనే రాశాడు.

తను అదే చుక్కని మూడుసార్లు కొలిచాడు. మూడుసార్లూ అది పాత వేళకే, ఠంచనుగా వచ్చింది.

ఇంకో చుక్క తీశాడు. ఇంకోటి. భోజనానికి వెళ్లలేదు. సాయంత్రం దాకా అరవై చుక్కలు చూశాడు. జరగని చుక్కల దగ్గర, ముప్పై ఒకటి తీసేశాక, ఇద్దరి కొలతలూ కలిశాయి. జరిగిన ప్రతి చుక్క దగ్గరా మిస్ బ్రెన్నర్ కాగితంలో అది జరిగింది, తన కాగితంలో జరగలేదు. చీటీలో వేళ చూసి, వేలు సిద్ధం చేసుకుని, చుక్క వచ్చినా రాకున్నా ఆ వేళకే నొక్కాడు. మూడేళ్లపాటు ఆకాశం కేసి కన్ను పెట్టి, ఆ పాత పుస్తకానికే నకలు రాస్తూ కూర్చున్నాడు.

అతనికి ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా కాసేపు ఏడ్చాడు, గదిలో ఎవరూ లేరు కనక.

మర్నాడు పొద్దున్న గురువు గదికి వెళ్లాడు. కూర్చోమనకముందే అడిగాడు. "ఎలా తెలిసింది సార్ మీకు?"

విట్లాక్ బల్ల సొరుగు లాగి ఒక కాగితాల దొంతర బయటపెట్టాడు. ఒక్కో కాగితం మీద వరసగా తేదీలు. అన్నీ సోమవారాలు. ప్రతి సోమవారం పొద్దున్నా విట్లాక్ ఒంటరిగా దొంగచుక్క ముందు కూర్చుని తన ఆలస్యం కొలుచుకున్నాడు. పద్దెనిమిది. పద్దెనిమిది. పద్దెనిమిది. పెళ్లయిన వారంలో పద్దెనిమిది, కూతురు పుట్టిన వారంలో పద్దెనిమిది. కాగితాల నిండా అదే అంకె.

చివరి కాగితం ఏడేళ్ల కిందటిది. పద్దెనిమిది. ఇరవై అయిదు. పదకొండు. ముప్పై. తొమ్మిది.

"ఇక్కడ చూడు" అని విట్లాక్ ఆ తొమ్మిది మీద వేలుపెట్టాడు. "ఈ రోజు నాకు చాలా బాగా కుదిరిందనిపించింది. కుర్రవాడినైపోయాననుకున్నాను. తర్వాత, చుక్కని చూడకుండా నా వేలు ఊహించి నొక్కుతోందేమోనని భయమేసింది. ఆ మధ్యాహ్నమే కుర్చీ ఆవిడకి అప్పగించాను."

మోకాళ్లు కాదన్నమాట. లైమన్ ఆ అంకెలకేసి చూస్తూ అడిగాడు. "బాధ కలగలేదా సార్?"

"కలక్కేం! రెండ్రోజులు అన్నం సహించలేదు." విట్లాక్ కాగితాలు మళ్లీ దొంతరగా సర్దాడు. "మూడో రోజు బాగా ఆకలేసింది."

ఇద్దరూ నవ్వారు. లైమన్‌కి నవ్వొస్తుందని లైమనే అనుకోలేదు.

రెండ్రోజులు గడిచాయి. మూడోరోజు పొద్దున్న విట్లాక్ వచ్చేసరికి, అచ్చుకి పోయే కాగితాలు పెట్టే బీరువాలో ఒక అర ఖాళీ అయి ఉంది. మిస్ బ్రెన్నర్ కట్టలన్నీ అక్కడే ఉన్నాయి. "నిద్రమత్తు" అని రాసిన చోటల్లా రబ్బరుతో చెరిపిన మరకలున్నాయి. లైమన్ కట్టలు మాత్రం తాళ్లతో బిగించి, పనికిరాని కాగితాలు పెట్టే అరలో ఉన్నాయి.

లైమన్ పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఎన్ని?" అన్నాడు విట్లాక్.

"అన్నీ సార్. పదకొండువందల నలభై."

"మే నెలకి పుస్తకం వెళ్లదు."

"వెళ్లదు సార్. ఆ చుక్కలన్నీ మళ్లీ కొలవాలి. ఆవిడా నేనూ కలిసి చేస్తే ఏడాదిన్నర పడుతుంది." అతను తల దించుకున్నాడు. "జూన్‌లో మీ చేతికి పుస్తకం ఇవ్వలేను. అదొక్కటే నన్ను తినేస్తోంది."

విట్లాక్ బీరువా తలుపు దగ్గరికి వేశాడు. "పుస్తకం లేకుండా ఇంటికెళ్తే మా ఆవిడేం గెంటెయ్యదులే. ఏడాదిన్నరకి వచ్చి తీసుకుంటాను." ఆయన మొహంలో నొప్పి లేదు. పెద్ద పనేదో అనుకున్నదానికంటే బాగా జరిగిన మనిషిలా ఉన్నాడు. "ఇప్పుడేం చేద్దామని?"

"దొంగచుక్క ముందు కూర్చుంటాను సార్. మీకు తీరికుంటే."

కిటికీలు మూశారు. విట్లాక్ తెర వెనక్కి వెళ్లాడు. ఇవాళ యంత్రాన్ని ఎంత వేగంతో వదిలేదీ లైమన్‌కి చెప్పలేదు, లైమన్ అడగలేదు. కుర్చీలో వాలి కన్ను ఆనించాడు. వేలు మీట మీద తేలిగ్గా పెట్టాడు. చుక్క కోసం ఎదురుచూశాడు.

చుక్క వచ్చింది. మొదటి దారం దాటింది. అతను నొక్కాడు. ఏడూ అయ్యాక, గురువు తెరలోంచి బయటికి రాకముందే లేచి కాగితం దగ్గరికి పరిగెత్తాడు. ముందు ఎరుపు, వెనక నీలం. నలభై నాలుగు పాళ్లు ఎడం. తర్వాతిది ఇరవై ఏడు. తర్వాతిది ముప్పై ఎనిమిది. ఒకదానికీ ఒకదానికీ పొంతన లేదు. మిస్ బ్రెన్నర్‌లా నిలకడగా నిలబడడానికి ఇంకా ఎన్నాళ్లు పడుతుందో తెలీదు. కానీ ఏడు జంటల్లో ఒక్క నీలమైనా ఎరుపు కంటే ముందు లేదు.

లైమన్ మొహం చేటంతయింది.

"ఆలస్యమయ్యాను సార్! ప్రతి దారం దగ్గరా ఆలస్యమయ్యాను!"

విట్లాక్ తెర తొలగించి తల బయటపెట్టాడు. "అయితే ముందెవరొచ్చారు?"

"చుక్కే" అన్నాడు లైమన్.

విట్లాక్ తెర వెనక్కి వెళ్లి మళ్లీ కీ ఇచ్చాడు.